పాత ట్రాక్టరుకు గేర్‌ ఆయిలే ఊపిరి

* దమ్ము పనులకు ముందే మార్చుకుంటే మేలు
* నీరు చేరిన నూనెతో పళ్లచక్రాలకు, లిఫ్టు పంపుకు ముప్పు
* కొలత మించి పోసినా బ్రేకులకు ప్రమాదమే

తొలకరి పలకరించి కాలువలకు నీరు వదిలితే చాలు, ఉభయ గోదావరి, కృష్ణా డెల్టా పల్లెల్లో ట్రాక్టర్లకు క్షణం తీరిక ఉండదు. కొత్త బండ్లతో పాటు తండ్రుల కాలంలో కొన్న పాత ఫెర్గూసన్లు, ఫోర్డులు, ఇంటర్నేషనళ్లు సైతం షెడ్డు వదిలి మడిలోకి దిగుతాయి. సీజన్‌కు ముందు ఇంజన్‌ ఆయిల్‌ మార్చి, డీజిల్‌ ఫిల్టరు వేసి, రేడియేటరులో నీరు చూసుకునే రైతులు ఎందరో ఉన్నారు. అయితే సీటు కింద, గేర్‌బాక్సు మొదలు వెనుక ఇరుసు వరకు నిండి ఉండే గేర్‌ ఆయిల్‌ సంగతి మాత్రం చాలామందికి గుర్తుకు రాదు. కారిపోతే కాస్త పోయడమే తప్ప, మొత్తం తీసి మార్చి ఎన్నేళ్లయిందో చెప్పలేని బండ్లు ఊరూరా కనిపిస్తాయి.

ఈ నిర్లక్ష్యానికి మూల్యం దమ్ము వేళ తెలుస్తుంది. లిఫ్టు లేవక, గేరు పడక బండి మడి మధ్యలో ఆగిపోతే హౌసింగ్‌ విప్పి చూసేందుకే రోజులు పడుతుంది. సీజన్‌లో మెకానిక్‌ దొరకడం ఒక ఎత్తు, పాత నమూనాకు విడిభాగాలు దొరకడం మరో ఎత్తు. ఈలోగా నారుమడిలో నారు ముదురుతుంది. ముదురు నారు నాటితే పిలకలు తగ్గి దిగుబడి పడిపోతుందన్నది ప్రతి వరి రైతుకు తెలిసిన విషయమే. సొంత పొలంతో పాటు నలుగురికి కిరాయికి దున్నే బండి అయితే ఆ నష్టం నాలుగు కుటుంబాలకు పాకుతుంది. ఒక పూట శ్రమ, ముప్పై లీటర్ల నూనె ఖర్చుతో తప్పించుకోగల ముప్పు ఇది.

ఒకే నూనె... మూడు పనులు

పాత ట్రాక్టర్లలో గేర్‌ ఆయిల్‌ ఎందుకంత కీలకమో తెలియాలంటే వాటి నిర్మాణం తెలియాలి. ఐర్లండ్‌కు చెందిన హ్యారీ ఫెర్గూసన్‌ రూపకల్పనలో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో 1946 నుంచి 1956 వరకు తయారైన టీఈ-20 ట్రాక్టరు ప్రపంచమంతటా వ్యవసాయ యంత్రాల తీరును మార్చివేసింది. నాగలిని గొలుసుతో ఈడ్చుకెళ్లే పద్ధతికి బదులు, మూడు చోట్ల తగిలించి నూనె ఒత్తిడితో పైకి లేపే లిఫ్టు విధానం దీనితోనే విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. దాని వారసులే మాసీ ఫెర్గూసన్‌ 35, 135 నమూనాలు. 1960లో మద్రాసులో నెలకొన్న టాఫే సంస్థ ద్వారా ఈ కుటుంబానికి చెందిన 1035 ట్రాక్టర్లు తెలుగు పల్లెలకు చేరాయి.

ఈ వరుస బండ్లలో గేర్‌బాక్సుకు, వెనుక క్రౌన్‌ భాగానికి, హైడ్రాలిక్‌ లిఫ్టుకు వేర్వేరు నూనెలు లేవు. మూడింటికీ ఒకే తొట్టి, ఒకే నూనె. గేరు పళ్ల మధ్య రాపిడిని తగ్గించేది అదే. పళ్లచక్రాల్లో, బేరింగుల్లో పుట్టే వేడిని బయటి ఇనుప గోడలకు చేర్చేది అదే. లిఫ్టు చేతులను పైకెత్తే బలాన్ని మోసేదీ అదే. లిఫ్టును నడిపే నాలుగు పిస్టన్ల పంపు ఆ నూనెలోనే మునిగి ఉంటుంది. కనుక నూనె పాడైతే దెబ్బ ఒక్క చోట తగలదు. గేర్లు అరగడంతో మొదలై, లిఫ్టు వణకడంతో బయటపడి, చివరకు క్రౌన్‌, పినియన్‌ మార్చాల్సిన స్థితికి చేరుతుంది.

అన్ని బండ్లూ ఇలాగే ఉంటాయనుకోవడం పొరపాటు. దేశంలో ఎస్కార్ట్స్‌ భాగస్వామ్యంతో తయారైన ఫోర్డు 3000లో గేర్‌బాక్సు నూనె వేరు, వెనుక ఇరుసుతో పాటు లిఫ్టుకు వాడే నూనె వేరు. కొన్ని నమూనాల్లో వెనుక చక్రాల దగ్గర ఉండే చివరి గేర్ల పెట్టెలకు విడిగా నూనె పోయాలి. మరికొన్నింటిలో లిఫ్టుకు ప్రత్యేక తొట్టి ఉంటుంది. ఒక చోట మార్చి పని అయిపోయిందనుకుంటే మిగతా చోట్ల పాత నూనె అలాగే మిగిలిపోతుంది. బండితో వచ్చిన పుస్తకం పోయి ఉంటే, అదే నమూనా వాడుతున్న మరో రైతు వద్దనో, డీలరు వద్దనో నకలు తీసుకోవడం మొదటి పని.

దమ్ములోనే అసలు చిక్కు

మెట్ట పొలంలో దున్నే బండికంటే మాగాణిలో దమ్ము చేసే బండికి గేర్‌ ఆయిల్‌ త్వరగా చెడుతుంది. ఇనుప చక్రాలు తగిలించి బురదలో తిరిగేటప్పుడు వెనుక ఇరుసు దాదాపు నీటిని తాకుతూ ఉంటుంది. గంటల తరబడి పనిచేసిన హౌసింగ్‌ వేడెక్కి, లోపలి గాలి వ్యాకోచించి శ్వాసరంధ్రం గుండా బయటకు పోతుంది. సాయంత్రం బండి ఆపాక హౌసింగ్‌ చల్లబడి తిరిగి గాలిని లోనికి పీల్చుకుంటుంది. ఆ సమయంలో అరిగిన ఆయిల్‌ సీళ్ల వద్ద బురదనీరు ఉంటే గాలితో పాటు నీరూ లోపలికి చేరుతుంది. గేరు కర్రల వద్ద చిరిగిన రబ్బరు తొడుగులు వాననీటికి మరో దారి. బండి కడిగేటప్పుడు గేరు కర్రలపై ఒత్తిడితో నీరు కొట్టడం ఇంకో పొరపాటు.

చేరిన నీరు నూనెతో చిలికినట్లు కలిసిపోయి తెల్లటి చిక్కటి ద్రవంగా మారుతుంది. ఇలాంటి నూనెకు గేరు పళ్ల మధ్య పొరగా నిలిచే శక్తి ఉండదు. బండి నిలిపి ఉంచిన నెలల్లో బేరింగుల గోళీలపై తుప్పు మచ్చలు ఏర్పడతాయి. తిరిగి పని మొదలుపెట్టినప్పుడు ఆ మచ్చల వద్దే లోహం పెచ్చులూడటం ఆరంభమవుతుంది. దమ్ము ముగిశాక నూనె చూడకుండా బండిని షెడ్డులో పెట్టేయడం అందుకే ప్రమాదకరం.

చెడిందని తెలిసేదెలా?

నూనె పరిస్థితి తెలుసుకునేందుకు పెద్ద పరికరాలు అక్కర్లేదు. కొలత పుల్లను బయటకు తీసి చూస్తే సగం సంగతి తెలుస్తుంది. మంచి నూనె పారదర్శకంగా, తేనె రంగులో ఉంటుంది. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు చేరినట్లే. నల్లగా మారి మాడిన వాసన వస్తే విపరీతంగా వేడెక్కినట్లు లెక్క. పుల్లపై నురుగు కనిపిస్తే నూనె తగ్గి పంపు గాలి పీలుస్తోందేమో చూడాలి.

అనుమానం ఉంటే రెండు పరీక్షలు చేయవచ్చు. గాజు సీసాలో కొద్దిగా నూనె తీసి రాత్రంతా కదపకుండా ఉంచితే విడిగా ఉన్న నీరు అడుగుకు చేరుతుంది. పక్కనే కొత్త నూనె సీసా పెట్టి పోల్చుకుంటే తేడా మరింత స్పష్టమవుతుంది. బాగా కలిసిపోయిన నీరు ఇలా విడిపోదు. అప్పుడు రెండో పరీక్ష అవసరం. వేడి చేసిన ఇనుప రేకును మంట నుంచి దూరంగా తెచ్చి, దానిపై ఒకటి రెండు చుక్కలు వేయాలి. చిటపటమని శబ్దం వస్తే నీరు ఉన్నట్లే. ముఖం దూరంగా ఉంచి, కళ్లకు అద్దాలు పెట్టుకుని మాత్రమే దీన్ని చేయాలి.

ఎప్పుడు మార్చాలన్నది నమూనాను బట్టి మారుతుంది. పుస్తకంలోని లెక్కే ప్రమాణం. పాత బండ్లలో చాలావాటికి సుమారు 1000 గంటల పని లేదా ఏడాది, ఏది ముందైతే అది పాటించడం మంచిది. గంటల మీటరు ఎప్పుడో చెడిపోయిన బండ్లకు డీజిల్‌ లెక్కే ఆధారం. గంటకు 3 నుంచి 4 లీటర్లు తాగే బండి అయితే 3000 నుంచి 4000 లీటర్ల డీజిల్‌ కాలేసరికి 1000 గంటలు పూర్తయినట్లు. దమ్ము చేసే బండ్లకు మాత్రం గంటలతో నిమిత్తం లేదు. నూనె తెల్లబడితే ఆ రోజే మార్చాలి.

నూనె ఎంపికలో జాగ్రత్త

పాత పుస్తకాల్లో కొన్నిచోట్ల ఎస్‌ఏఈ 80 గేర్‌ ఆయిల్‌ అని, మరికొన్నిచోట్ల 20 లేదా 30 నంబరు ఆయిల్‌ అని కనిపించి రైతులు అయోమయానికి గురవుతుంటారు. గేర్‌ ఆయిల్‌కు, ఇంజన్‌ ఆయిల్‌కు నంబర్ల కొలమానం వేర్వేరు కావడమే దీనికి కారణం. గేర్‌ ఆయిల్‌లో 80 నంబరు చిక్కదనం దాదాపు 20-30 నంబరు ఇంజన్‌ ఆయిల్‌తో సమానం. 90 నంబరు గేర్‌ ఆయిల్‌ 40 లేదా 50 నంబరు ఇంజన్‌ ఆయిల్‌కు దగ్గరగా ఉంటుంది. నంబరు పెద్దదైనంత మాత్రాన నూనె గొప్పదని కాదు.

గేర్లు శబ్దం చేస్తున్నాయని 140 నంబరు నూనె పోసేవారు ఉన్నారు. శబ్దం కొంత తగ్గవచ్చు. కానీ లిఫ్టు పంపు కూడా అదే నూనెను పీల్చుకోవాలన్న సంగతి మరువరాదు. చిక్కటి నూనె జల్లెడ గుండా తగినంత వేగంగా చేరక లిఫ్టు మందగిస్తుంది, పంపుపై భారం పెరుగుతుంది. శబ్దానికి అసలు కారణమైన బేరింగు అరుగుదల మాత్రం లోపల కొనసాగుతూనే ఉంటుంది.

డబ్బాపై ఉండే జీఎల్‌-4, జీఎల్‌-5 అనే గుర్తులనూ చూడాలి. జీఎల్‌-5 రకంలో తీవ్ర ఒత్తిడిని తట్టుకునేందుకు గంధకం, భాస్వరం కలిగిన రసాయనాలు ఎక్కువ మోతాదులో ఉంటాయి. వీటిలో కొన్ని కంచు, ఇత్తడి భాగాలను క్రమేణా తినేస్తాయి. పాత ట్రాక్టర్ల గేర్‌బాక్సులో, పంపులో కంచు బుష్‌లు ఉండే అవకాశం ఉంది కనుక, పుస్తకం ప్రత్యేకంగా కోరితే తప్ప జీఎల్‌-5 జోలికి పోకపోవడమే క్షేమం. జీఎల్‌-4 రకం, లేదా గేర్లకు, లిఫ్టుకు కలిపి వాడేందుకు తయారైన యూటీటీవో రకం నూనెలు సాధారణంగా సరిపోతాయి. నూనెలో మునిగి ఉండే ఆయిల్‌ బ్రేకులు ఉన్న బండ్లకైతే యూటీటీవో తరహా నూనె తప్పనిసరి. మామూలు గేర్‌ ఆయిల్‌ పోస్తే ఆ బ్రేకులు కీచుమంటాయి, పట్టు తప్పుతాయి.

ఇంజన్‌లోంచి తీసిన పాత నూనెను వృథా ఎందుకని గేర్‌బాక్సులో పోయడం కొన్నిచోట్ల అలవాటుగా ఉంది. మసి, ఆమ్లాలు, సన్నని లోహపు రజను కలిసిన ఆ నూనె గేర్లకు ఆకురాయిలా పనిచేస్తుంది. లిఫ్టు పంపు పిస్టన్లను, కవాటాలను గీతలు పడేలా అరగదీస్తుంది. దాన్ని పోయడం కంటే పాత గేర్‌ ఆయిల్‌నే మరికొన్నాళ్లు ఉంచడం నయం. కొనేటప్పుడు సీలు సరిగా ఉన్న డబ్బా తీసుకుని బిల్లు అడగాలి. విడిగా పీపాల్లోంచి కొలిచి పోసే నూనె ఏ రకమో తేల్చుకోవడం కష్టం.

మార్చే విధానం

మాసీ ఫెర్గూసన్‌ 35, 135 వంటి బండ్లలో మొత్తం మీద సుమారు 30 లీటర్ల నూనె పడుతుంది. కాబట్టి కనీసం 40 లీటర్లు పట్టే వెడల్పాటి తొట్లు, సరైన కొలత స్పానర్లు, మూతలకు కొత్త వాషర్లు, జల్లెడ ఉన్న గరాటు, నూలు పోగులు రాలని గుడ్డ ముందే సిద్ధం చేసుకోవాలి.

మొదట బండిని అరగంట పాటు నడిపి, లిఫ్టును పలుమార్లు ఎత్తి దించాలి. నూనె గోరువెచ్చగా ఉంటే త్వరగా జారుతుంది. అడుగున పేరుకున్న రజను కదిలి దానితో పాటే బయటకు వస్తుంది. చేయి కాలేంత వేడిగా ఉన్నప్పుడు మాత్రం విప్పరాదు. తర్వాత సమతలంగా ఉన్న గట్టి నేలపై బండిని నిలిపి, లిఫ్టు చేతులను పూర్తిగా కిందికి దించాలి. చేతులు పైనే ఉంటే సిలిండరులోని పాత నూనె తొట్టిలోకి తిరిగి రాదు. ఇంజన్‌ ఆపి, పార్కింగు బ్రేకు వేసి, నాలుగు చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మెలు పెట్టాలి. జాకీపై మాత్రమే నిలిపిన బండి కిందకు ఎట్టి పరిస్థితుల్లోనూ దూరరాదు.

ఇక్కడ అనుభవజ్ఞులైన మెకానిక్‌లు పాటించే నియమం ఒకటుంది. నూనె తీసే మూత కంటే ముందు నూనె పోసే మూత విప్పి చూడాలి. ఏళ్ల తరబడి కదలని మూత పట్టేసి ఉంటే, నూనె అంతా తీసేశాక పోయడానికి దారి లేక బండి అక్కడే ఉండిపోతుంది. పై మూత తెరిస్తే గాలి ఆడి నూనె కూడా వేగంగా దిగుతుంది. మూతల చుట్టూ ఉన్న మట్టిని వైరు బ్రష్‌తో శుభ్రం చేశాకే స్పానర్‌ వేయాలి. లేకుంటే ఆ మట్టి లోపలికే పోతుంది.

నూనె దిగే మూతలు సాధారణంగా ఒకటి గేర్‌బాక్సు అడుగున, మరొకటి వెనుక హౌసింగ్‌ అడుగున ఉంటాయి. ఒక్కటే విప్పితే మిగిలిన భాగంలో లీటర్ల కొద్దీ పాత నూనె నిలిచిపోతుంది. రెండూ విప్పాలి. ఉలితో కొట్టడం, పైపు రెంచితో తిప్పడం వల్ల మూత అంచులు అరిగిపోతాయి. హౌసింగ్‌ పోత ఇనుముది కావడంతో బలప్రయోగం చేస్తే మరలు చెడటమే కాదు, పగులూ రావచ్చు. రాత్రంతా కదలకుండా నిలిపిన బండి అయితే మూతను పూర్తిగా తీయకుండా కొద్దిగా వదులు చేసి చూడాలి. నూనె కంటే బరువైన నీరే ముందుగా కారుతుంది. చిక్కటి నూనె పూర్తిగా దిగేందుకు కనీసం గంట, వీలైతే ఒక పూట సమయం ఇవ్వాలి.

తీసిన నూనె చెప్పే జాతకం

బయటకు వచ్చిన నూనెను అలాగే పారబోయరాదు. బండి లోపలి ఆరోగ్యాన్ని తెలిపే రక్తపరీక్ష లాంటిది అది. ప్లాస్టిక్‌ సంచిలో చుట్టిన అయస్కాంతాన్ని తొట్టిలో తిప్పితే ఇనుప రజను అతుక్కుంటుంది. వేళ్లకు తగలనంత సన్నని బూడిదరంగు ముద్ద కనిపిస్తే అది వయసుతో వచ్చే సహజ అరుగుదల. గోటితో పట్టుకోగలిగే పెచ్చులు, పంటి ముక్కలు వస్తే హౌసింగ్‌ విప్పి చూడాల్సిందే. కొత్త నూనె పోసినంత మాత్రాన విరిగిన పన్ను అతుక్కోదు. అయస్కాంతానికి అంటని పసుపు రంగు మెరుపులు కంచు బుష్‌ల అరుగుదలకు సంకేతం.

ఇదే అదనులో లిఫ్టు పంపు పీల్చుకునే చోట ఉండే జల్లెడను శుభ్రపరచుకోవాలి. చాలా నమూనాల్లో హౌసింగ్‌ పక్క మూత లేదా అడుగు మూత విప్పితే ఇది చేతికి అందుతుంది. డీజిల్‌లో ముంచి మెత్తటి బ్రష్‌తో కడిగి ఆరబెట్టాలి. చిరిగితే కొత్తది వేయాలి. మూతను తిరిగి బిగించేటప్పుడు కొత్త గాస్కెట్‌ తప్పనిసరి. శ్వాసరంధ్రాన్ని సైతం ఇప్పుడే శుభ్రం చేసుకోవాలి. అది మట్టితో మూసుకుపోతే లోపలి వేడి గాలి దారి లేక సీళ్లను నెట్టి నూనె కారేలా చేస్తుంది. సీళ్లు మార్చినా కారడం ఆగని బండ్లలో దోషం కొన్నిసార్లు ఈ చిన్న రంధ్రానిదే.

లోపల కడిగేందుకు డీజిల్‌ పోసి బండి నడపడం మంచి పద్ధతి కాదు. పంపు ఆ డీజిల్‌నే పీల్చుకుంటుంది. నూనె పొర లేక పిస్టన్లు రాసుకుపోతాయి. కడగక తప్పదనుకుంటే ఇంజన్‌ స్టార్టు చేయకుండా, కొద్ది డీజిల్‌ను పైనుంచి పోసి మూతల గుండా పూర్తిగా కారనివ్వాలి. నూనె బాగా తెల్లబడిన బండికి మేలైన మార్గం మరొకటి ఉంది. తక్కువ ధరలో దొరికే సరైన నంబరు నూనె పోసి, కొన్ని గంటలు తేలికపాటి పని చేయించి, వెచ్చగా ఉండగానే మళ్లీ తీసివేయాలి. మూలల్లో మిగిలిన నీరు దానితో పాటు బయటకు వస్తుంది. తర్వాత అసలు నూనె పోసుకోవాలి. ఖర్చు రెట్టింపైనా బేరింగుల ధరతో పోలిస్తే తక్కువే.

పోయడంలో తొందర వద్దు

అడుగు మూతలకు కొత్త వాషర్లు వేసి, పట్టు దొరికే వరకే బిగించాలి. కొత్త నూనెను ఒకేసారి కుమ్మరించరాదు. గేర్‌బాక్సు నుంచి వెనుక హౌసింగ్‌కు నూనె చిన్న రంధ్రాల గుండా చేరుతుంది. కనుక ముందు 20 లీటర్లు పోసి కొద్దిసేపు ఆగాలి. ఆపై అంచెలంచెలుగా పోస్తూ, ప్రతిసారి పావుగంట ఆగి కొలత పుల్ల చూడాలి. లేకుంటే ముందు భాగంలో నిలిచిన నూనెను చూసి నిండిందనుకోవడమో, పుల్లపై తక్కువ కనిపించిందని అధికంగా పోయడమో జరుగుతుంది.

కొలత సరిపోయాక ఇంజన్‌ను తక్కువ వేగంలో నడిపి, లిఫ్టును పదిసార్లు ఎత్తి దించాలి. పంపులో చిక్కుకున్న గాలి దీంతో బయటకు పోతుంది. మాసీ ఫెర్గూసన్‌ 35, 135 నమూనాల్లో పంపును తిప్పేది పీటీవో షాఫ్టే. పీటీవో లివర్‌ వేయకపోతే లిఫ్టు కదలదు. నూనె మార్చాక లిఫ్టు పనిచేయడం లేదని కంగారుపడేవారు ముందుగా ఈ లివర్‌ను చూసుకోవాలి. ఆ సమయంలో వెనుక షాఫ్టు తిరుగుతూ ఉంటుంది కాబట్టి దానికి తొడుగు ఉంచి, పిల్లలను, వదులు దుస్తులు, కండువా ధరించినవారిని దరిచేరనివ్వరాదు. చివరగా ఇంజన్‌ ఆపి, లిఫ్టు చేతులు దించి, మరోమారు కొలత చూసి కొరత ఉంటే పూరించాలి. పది గంటల పని తర్వాత మూతల వద్ద తడి ఉందేమో పరిశీలించాలి.

ఎక్కువైతే బ్రేకులకు గండం

నూనె కొంచెం ఎక్కువ పోస్తే మంచిదేనన్న అభిప్రాయం పల్లెల్లో బలంగా ఉంది. పాత బండ్ల విషయంలో ఇది ప్రాణాలకే ముప్పు తెస్తుంది. మాసీ ఫెర్గూసన్‌ 35, 135 బండ్లలో బ్రేకులు వెనుక ఇరుసు చివర్ల డ్రమ్ములలో ఉండే పొడి బ్రేకులు. వాటికి, హౌసింగ్‌లోని నూనెకు నడుమ అడ్డుగా ఉండేది రబ్బరు సీలు మాత్రమే. కొలత మించిన నూనె ఇరుసు గొట్టాల్లోకి పారి, అరిగిన సీలును దాటి బ్రేకు లైనింగులను తడిపేస్తుంది. గట్టు ఎక్కేటప్పుడు, ఓ వైపు ఒరిగినప్పుడు ఇది మరింత ఎక్కువ.

నూనె తడిసిన లైనింగుకు పట్టు ఉండదు. ఒక్క చక్రం వైపే తడిస్తే బ్రేకు తొక్కినప్పుడు బండి రెండో వైపునకు లాగేస్తుంది. ధాన్యం బస్తాలతోనో, కూలీలతోనో నిండిన ట్రక్కును లాగుతూ కాలువ గట్టుపై వెళ్లే బండికి ఇలా జరిగితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. వెనుక చక్రం లోపలి వైపు డ్రమ్ము వద్ద నూనె మరకలు కనిపిస్తే ఆ బండిని రోడ్డెక్కించరాదు. సీలు మార్చి, డ్రమ్మును శుభ్రపరచి, నూనె పీల్చుకున్న లైనింగులను తీసేసి కొత్తవి వేయాలి. పెట్రోలుతో కడిగి, కాల్చి తిరిగి వాడటం తాత్కాలిక ఊరటే తప్ప నమ్మదగిన పరిష్కారం కాదు. రోడ్డుపై వెళ్లేటప్పుడు కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను కలిపే గొళ్లెం వేసుకోవడం మరువరాదు.

క్లచ్‌ హౌసింగ్‌ అడుగున ఉండే చిన్న రంధ్రాన్నీ గమనించాలి. అక్కడ చుక్కలు పడుతుంటే ఏ నూనెనో గుర్తించాలి. చిక్కగా, గేర్‌ ఆయిల్‌ వాసనతో ఉంటే గేర్‌బాక్సు ముందు సీలు పోయినట్లు. నల్లగా, పల్చగా ఉంటే ఇంజన్‌ వెనుక సీలు చూడాలి. ఏదైనా సరే క్లచ్‌ ప్లేటు తడిసి జారడానికి ఎంతో కాలం పట్టదు.

పాత నూనెను ఏం చేయాలి?

ఒక్క బండి నుంచి తీసిన 30 లీటర్ల నూనెను గట్టున పారబోస్తే అది పంట కాలువకో, చెరువుకో, బోరు నీటికో చేరుతుంది. నీటిపై పలుచని పొరగా పరచుకుని చేపలకు గాలి అందకుండా చేస్తుంది. వాడేసిన నూనెను ప్రమాదకర వ్యర్థంగా పరిగణిస్తూ 2016లో కేంద్రం జారీ చేసిన నిబంధనలు, దాన్ని అనుమతి పొందిన శుద్ధి కేంద్రాలకే చేర్చాలని నిర్దేశిస్తున్నాయి. మూత ఉన్న డబ్బాల్లో నిల్వచేసి, పాత నూనె సేకరించే సర్వీసు కేంద్రానికి అప్పగించడం ఉత్తమం. నీరు, డీజిల్‌ కలిసిన నూనెను విడిగా ఉంచాలి. పశువుల పుండ్లకు పూయడం, పొయ్యిలో మండించడం వంటివి మానుకోవాలి. పని చేసేటప్పుడు చేతికి తొడుగులు వేసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి.

రాసి ఉంచుకుంటేనే మేలు

నూనె మార్చిన తేదీ, వేసిన రకం, పట్టిన లీటర్లు, అప్పటి గంటల లెక్కను ఓ పుస్తకంలో రాసుకోవడం అన్నిటికంటే చవకైన జాగ్రత్త. మడ్‌గార్డు లోపలి వైపు రంగుతో రాసినా చాలు. డ్రైవరు మారినా, బండి చేతులు మారినా ఆ వివరం చెదరదు. దమ్ముకు ముందు ఒకసారి, దమ్ము ముగిశాక మరోసారి కొలత పుల్ల చూడటం ఆనవాయితీగా పెట్టుకోవాలి. ట్రాక్టర్ల నిర్వహణపై శిక్షణ పొందగోరే రైతులకు, యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ అందుబాటులో ఉంది.

పాత ట్రాక్టర్ల ఇనుము గట్టిది, నిర్మాణం సరళం. సరైన నూనె, సరైన కొలతలో, సరైన సమయానికి అందితే మరో తరం పాటు సేవలందించే సత్తా వాటికి ఉంది. కాలువకు నీరు రాకముందే ఒక పూట కేటాయిస్తే, నాట్లు పూర్తయ్యే వరకు రైతుకు నిశ్చింత.